కెరటోకోనస్ ఉన్న కళ్ళు, కార్నియా మార్పిడి అయిన కన్ను: ఎప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు

కార్నియా మార్పిడి చేయించుకోబోయేవాళ్ళు, చేయించుకున్నవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. తలస్నానం ఎప్పుడు చేయొచ్చు? చుక్కలు ఎన్నాళ్ళు వేసుకోవాలి? కుట్లు ఎప్పుడు తీస్తారు? చూపు ఎప్పుడొస్తుంది? నాకు రెండు కళ్ళలోనూ కెరటోకోనస్, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర (కార్నియా) పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. ఎడమ కంటికి జబ్బు ముదరకుండా ఆపే క్రాస్ లింకింగ్ అయింది, కుడి కంటికి పూర్తి మందం కార్నియా మార్పిడి జరిగింది. నేను చేసిన తప్పులతో సహా అన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ డాక్టరు రాసిచ్చిన కాగితంలో దీనికి భిన్నంగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

1. ముందు జబ్బు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోండి

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మామూలు కంట్లో దాని మధ్యభాగం మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కెరటోకోనస్‌లో అది పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. ఒక కన్ను మూసి చూసినా అక్షరం పక్కన నీడ అక్షరం కనిపిస్తుంది. రాత్రి బండ్ల లైట్లకు తోకలు వస్తాయి. జబ్బు ఎక్కువగా టీనేజీలో మొదలై ముప్పై, నలభై ఏళ్ళ దాకా పెరగొచ్చు.

నేను రెండేళ్ళలో మూడు కళ్ళజోళ్ళు మార్చాను. ప్రతిసారీ సిలిండర్ నంబరు (కళ్ళజోడు చీటీలో కంటి వంపు తేడాను చూపే అంకె) పెరిగింది, ప్రతిసారీ కొత్త అద్దాలే ఇచ్చారు. కార్నియా ఆకారాన్ని చూపించే టోపోగ్రఫీ పరీక్ష ఒకటుందని అప్పుడు నాకు తెలియదు. మీ ఇంట్లో పిల్లలకు సిలిండర్ నంబరు ఏటా మారుతుంటే కొత్త జోడు కొనే ముందు ఆ పరీక్ష చేయించండి.

పరీక్షకు వెళ్ళినప్పుడు:

- రిపోర్టు ప్రింటు అడిగి తీసుకుని, తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి.
- అందులో రెండు అంకెలు చూడండి: కార్నియా అన్నిటికంటే నిటారుగా ఉన్నచోటి వంపు, అన్నిటికంటే పలచగా ఉన్నచోటి మందం.
- ఏడాదిలో ఆ వంపు 1 డయాప్టర్ (వంపును కొలిచే ప్రమాణం), అంతకన్నా ఎక్కువ పెరిగితే జబ్బు ముదురుతోందన్నమాట.
- గట్టి లెన్సులు వాడేవాళ్ళు పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి. లెన్సు ఒత్తిడికి కార్నియా ఆకారం మారి ఉంటుంది. నిన్నటిదాకా పెట్టుకుని ఇవాళ వెళితే వచ్చే అంకెలు నమ్మదగినవి కావు.
- టీనేజీ పిల్లలకు మూణ్ణాలుగు నెలలకోసారి, పెద్దవాళ్ళకు ఆరు నెలలకోసారి చూడటం మామూలు.

కళ్ళజోడు వదిలించుకోవడానికి చేసే లాసిక్ ఈ జబ్బు ఉన్నవాళ్ళకు పనికిరాదు. ఇప్పటికే పలచబడిన పొరను అది ఇంకా పలచన చేస్తుంది.

2. నులుముకోవడం ఆపండి, అన్నిటికంటే ముందు

చుక్కలకంటే, లెన్సులకంటే ముందు చేయాల్సిన పని ఇది. ఖర్చేమీ లేదు, కానీ ఇదే చాలా కష్టం. కళ్ళు నులుముకునే అలవాటుకూ కెరటోకోనస్‌కూ గట్టి సంబంధం ఉంది. వేసవి వస్తే మన దగ్గర చాలామంది పిల్లలకు ఎలర్జీతో కళ్ళు దురదపెడతాయి. చిన్నప్పుడు నేను మణికట్టుతో గుండ్రంగా తిప్పి నులిమేవాణ్ణి, అలా చేస్తే హాయిగా ఉండేది. ఆ హాయి కోసం ఎన్నేళ్ళు ఆ పని చేశానో తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

"నులుముకోకు" అని కసిరితే అలవాటు పోదు. దురద తగ్గాలి.

- ఎలర్జీకి డాక్టరు రాసిన చుక్కలు సీజను మొదట్లోనే మొదలుపెట్టండి. ఒలోపటడీన్ లాంటివి నెలల తరబడి వాడాల్సి రావచ్చు.
- దురద రాగానే శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్ళలో తడిపి పిండి, మూసిన రెప్పల మీద ఐదు నిమిషాలు ఉంచండి. గుడ్డను వత్తకూడదు.
- ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు ఫ్రిజ్‌లో పెట్టి వేసుకుంటే దురద చాలావరకు శాంతిస్తుంది.
- ఎప్పుడెప్పుడు నులుముతున్నారో ఒక వారం ఇంట్లోవాళ్ళను గమనించమనండి. నా విషయంలో నిద్ర లేవగానే ఒకసారి, లెన్సు తీయగానే ఒకసారి అని తేలింది. ఆ రెండు సమయాల్లో తడిగుడ్డ పక్కనే పెట్టుకున్నాక అలవాటు సగానికి సగం తగ్గింది.
- బోర్లా పడుకుని కన్ను దిండుకు ఒత్తుకునే అలవాటుంటే మానుకోండి. నిద్రలో నులిమేవాళ్ళు రాత్రిపూట ప్లాస్టిక్ షీల్డు పెట్టుకోవచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడొకటుంది. మందుల షాపులో దురదకు చుక్కలు అడిగితే స్టెరాయిడ్ ఇస్తారు. ఒక్కరోజులో దురద మాయమవుతుంది కాబట్టి మళ్ళీ అదే తెచ్చుకుంటారు. పరీక్షలు లేకుండా నెలల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. సీసా మీద పేరు డాక్టరుకు చూపించకుండా ఏదీ వేసుకోవద్దు.

3. క్రాస్ లింకింగ్: జబ్బును అక్కడే ఆపడానికి

జబ్బు ముదురుతోందని అంకెలు చెబితే వాయిదా వేయకండి. కార్నియా పైపొర తీసి, బి2 విటమిన్ అయిన రైబోఫ్లేవిన్ చుక్కలు సుమారు అరగంట వేసి, తర్వాత అతినీలలోహిత కాంతి పెడతారు. పాత పద్ధతిలో కాంతి 30 నిమిషాలు. కాంతి తీవ్రత పెంచి 10 నిమిషాల్లో ముగించే పద్ధతి కూడా ఉంది. మామూలుగా కార్నియా మందం కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. అందుకే ఆలస్యమైతే ఆ అవకాశం చేజారొచ్చు.

మొదటి రెండు మూడు రోజులు నొప్పి, వెలుతురు పడకపోవడం గట్టిగానే ఉంటాయి. గది చీకటి చేసుకుని పడుకోవాలి. పైపొర మానేదాకా నాలుగైదు రోజులు మెత్తటి లెన్సు ఉంచుతారు, దాన్ని మీరు తీయకూడదు. చూపు కొన్ని వారాలు మసకగానే ఉంటుంది.

దీనివల్ల చూపు బాగుపడుతుందని ఆశపడి చేయించుకున్నవాళ్ళు తర్వాత నిరాశపడతారు. ఇది చేసేది జబ్బును ఉన్నచోట ఆపడమే. చూపు కోసం కళ్ళజోడో లెన్సో కావాల్సిందే. తర్వాత మళ్ళీ నులుముకుంటే జబ్బు మళ్ళీ కదలొచ్చు.

4. లెన్సులతో రోజువారీ బతుకు

మొదట్లో కళ్ళజోడు సరిపోతుంది. ఆ తర్వాత గాలి చొరబడే గట్టి లెన్సులు, అవి నిలవకపోతే తెల్లగుడ్డు మీద ఆనుకునే స్క్లెరల్ లెన్సులు. స్క్లెరల్ లెన్సు పెద్దగా ఉంటుంది కానీ కార్నియాను తాకదు. మధ్యలో సెలైన్ నిండి ఉంటుంది కాబట్టి కరకర తక్కువ.

- చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి.
- లెన్సులో నింపడానికి ప్రిజర్వేటివ్ లేని సెలైనే వాడాలి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు ఏవీ లెన్సుకు తగలకూడదు. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే క్రిమి కార్నియాను తినేస్తుంది.
- లెన్సుతో నిద్రపోకూడదు, ఈత కొట్టకూడదు.
- మధ్యాహ్నానికి చూపు మబ్బేస్తే లెన్సు తీసి, కొత్త సెలైన్ నింపి మళ్ళీ పెట్టుకోండి.
- టూవీలర్ మీద హెల్మెట్ గాజు దించే వెళ్ళండి. గట్టి లెన్సు కింద ఇసుక రేణువు పడితే బండి ఆపక తప్పదు.
- కన్ను ఎర్రబడిన రోజు లెన్సు వద్దు. అందుకోసం పాత కళ్ళజోడు ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

5. కన్ను ఉన్నట్టుండి తెల్లబడితే

బాగా పలచబడిన కార్నియా లోపలి పొర ఒక్కోసారి చిట్లుతుంది. కంటిలోపలి నీరు కార్నియాలోకి చేరి అది ఉబ్బుతుంది. దీన్ని హైడ్రాప్స్ అంటారు. నాకు ఒక ఉదయం కుడి కన్ను నొప్పితో, కారే నీటితో తెరవలేకపోయాను. అద్దంలో చూస్తే నల్లగుడ్డు మీద పాలచుక్క లాంటి తెలుపు. "కంట్లో పువ్వు పడింది" అని మా నాయనమ్మ ఏడ్చింది.

ఆ రోజే కార్నియా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆకుపసరు, తల్లిపాలు, ఆముదం లాంటివి ఎంత ప్రేమతో ఇచ్చినా కంట్లో వేయనివ్వకండి. చాలామందికి మందులతో కొన్ని వారాల నుంచి నెలల్లో వాపు తగ్గుతుంది, కొందరికి కంట్లోకి గ్యాస్ ఎక్కించి వాపు త్వరగా తగ్గిస్తారు. మచ్చ చూపుకు అడ్డంగా మిగిలితేనే మార్పిడి మాట వస్తుంది.

6. మార్పిడికి ముందు సిద్ధం కావలసినవి

రెండు రకాలు ఉన్నాయి. కార్నియా లోపలి పొరను మీదే ఉంచి, ముందున్న భాగాన్ని మాత్రమే మార్చేది డాల్క్. మొత్తం మందాన్నీ మార్చేది పీకే. శరీరం కొత్త కార్నియాను పరాయిదని దాడి చేయడాన్ని రిజెక్షన్ అంటారు. లోపలి పొర మన సొంతం కాబట్టి, రిజెక్షన్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన లోపలి పొర రిజెక్షన్ డాల్క్‌లో రాదు. హైడ్రాప్స్ వచ్చి లోపలి పొర చిట్లిన నాలాంటి వాళ్ళకు చాలాసార్లు పీకేనే చేస్తారు. మీకు ఏది చేస్తున్నారు, ఎందుకు అని అడగండి. తర్వాతి జాగ్రత్తలు దాన్ని బట్టే మారతాయి.

కార్నియా ఎవరో చనిపోయినవారి కుటుంబం ఇచ్చిన దానం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం నేరం. ఐ బ్యాంకు తీసుకునేది సేకరణకు, పరీక్షలకు, భద్రపరచడానికి అయ్యే ఖర్చు మాత్రమే. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంకు లాంటి చోట్ల ఇదంతా జరుగుతుంది. సేకరించిన కార్నియా ఉంచే ద్రావణాన్ని బట్టి నాలుగు రోజుల నుంచి రెండు వారాల వరకే నిలుస్తుంది. కాబట్టి "రేపు రండి" అని ఫోన్ రావచ్చు.

ఫోన్ వచ్చేలోగా:

- షుగరు, బీపీ అదుపులో పెట్టుకోండి. రెప్పల అంచుల్లో పొట్టు, కన్నీటి నాళంలో చీము ఉంటే ముందు వాటికి వైద్యం.
- కంటి ఎలర్జీ పూర్తిగా శాంతించాలి.
- మొదటి రెండు వారాలు తోడుండే మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి.
- ఆరోగ్యశ్రీ, బీమా వర్తిస్తాయేమో ఆసుపత్రి కౌంటర్లో ముందే అడగండి. మందులకు, ఏడాది పొడవునా వచ్చే ప్రయాణాలకు విడిగా డబ్బు తీసిపెట్టండి. ఆపరేషన్ ఖర్చు లెక్కేసుకుని దీన్ని మరిచిపోతారు.
- కన్నీటి చుక్కలతో చుక్క వేసుకోవడం సాధన చేయండి. ఆపరేషన్ అయ్యాక నేర్చుకుందామంటే చేయి వణుకుతుంది.

7. మొదటి నెల

కొత్త కార్నియాను వెంట్రుక కన్నా సన్నని 10-0 నైలాన్ దారంతో కుడతారు. విడివిడి కుట్లయితే సాధారణంగా పదహారు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, అందుకే ఆ గాయం చర్మంలా పది రోజుల్లో మానదు. నెలలు పడుతుంది. అతుకు మునుపటంత గట్టిగా ఎన్నటికీ కాదు.

- పగలు కళ్ళజోడు, రాత్రి షీల్డు. వెల్లకిలా గానీ ఆపరేషన్ కాని వైపుకు గానీ పడుకోవాలి.
- స్నానం మెడ వరకే. తల కడగాలంటే డాక్టరు ఒప్పుకున్నాక, సెలూన్లోలా తల వెనక్కి వాల్చి ఇంకొకరితో కడిగించుకోండి. కుంకుడుకాయ, షాంపూ నురగ కంటి దరిదాపులకు రాకూడదు.
- నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్ ఎత్తవద్దు. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, నీళ్ళు ఎక్కువ తీసుకోండి. ముక్కడం కూడా కంటికి ఒత్తిడే. దగ్గు వస్తే వెంటనే మందు వాడండి.
- పోపు చిటపటలు, మిరపకాయలు దంచడం, కట్టెల పొగ: వీటికి దూరం.
- చంటిపిల్లలను ఎత్తుకోవద్దు. వాళ్ళ వేళ్ళు ఎటు వస్తాయో చెప్పలేం. మా మేనకోడలు నా దగ్గరికి రావాలని ఏడ్చినా నెల దాకా ఎత్తుకోలేదు.
- కాటుక వద్దు.

కూర్చుని చేసే ఉద్యోగమైతే చాలామంది రెండు మూడు వారాల్లో తిరిగి వెళతారు. దుమ్ము, వేడి, బరువులు ఉన్న పనైతే ఎక్కువ సెలవు కావాలి. బండి నడపడానికి రెండో కంటి చూపును బట్టి డాక్టరే చెప్పాలి.

8. చుక్కలు వేసే పద్ధతి

కార్నియాను నిలబెట్టేది ఈ చుక్కలే. మొదట యాంటీబయాటిక్, స్టెరాయిడ్ రెండూ ఉంటాయి. కొంతకాలానికి యాంటీబయాటిక్ ఆపేస్తారు. స్టెరాయిడ్‌ను రోజుకు ఆరు, ఎనిమిది సార్ల నుంచి మొదలుపెట్టి నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. పీకే అయినవాళ్ళకు రోజుకు ఒక్క చుక్క చొప్పున ఏడాది దాటి సాగడం మామూలే.

1. చేతులు కడుక్కోండి. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ లాంటి తెల్లటి మందైతే సీసాను బాగా కుదపండి. కుదపకపోతే మందు అడుగున ఉండిపోయి పైనీరే కంట్లో పడుతుంది.
2. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను చెంప మీదుగా కిందికి లాగండి. వేలు కనుగుడ్డు మీద ఆనకూడదు.
3. పైకి చూస్తూ రెప్ప సంచిలో ఒక్క చుక్క. సీసా మొన కంటికి, వెంట్రుకలకు తగలకూడదు.
4. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన ఎముక మీద వేలితో రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. మందు గొంతులోకి జారదు.
5. రెండో మందుకు ఐదు నిమిషాల ఎడం. ఆయింట్‌మెంట్ చివర్న.

సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, నెల కాగానే పారేయండి. ఇంట్లో ఒక కొత్త సీసా ఎప్పుడూ ఉండాలి. పండగ రోజు షాపు మూసి ఉందని ఒక పూట వదిలేయడం, కంట్లో ఎరుపేమీ లేదు కదా అని సొంతంగా ఆపేయడం, షాపతను ఇచ్చిన వేరే పేరు మందు తెచ్చుకోవడం: ఈ మూడింటితో చక్కగా ఉన్న కార్నియాలు దెబ్బతింటాయి. ప్రతి విజిట్‌లో కంటి ఒత్తిడి కొలిపించుకోండి. స్టెరాయిడ్‌తో అది నొప్పి లేకుండానే పెరుగుతుంది.

9. రోజూ ఉదయం ఒక్క నిమిషం: ఎరుపు, వెలుగు, చూపు, నొప్పి

రెండో కన్ను అరచేత్తో ఒత్తకుండా మూసి, గోడ మీది తెలుగు క్యాలెండర్‌ను రోజూ ఒకే దూరం నుంచి చూడండి. నిన్న చదవగలిగిన అక్షరాలు ఇవాళ చదవగలుగుతున్నారా? తర్వాత అద్దంలో చూడండి.

- ఎరుపు పెరిగిందా?
- వెలుగు చూస్తే కన్ను ముడుచుకుంటోందా?
- చూపు తగ్గిందా?
- నొప్పి, సలుపు ఉందా?

ఒక్కటి కొత్తగా వచ్చి కొన్ని గంటల్లో తగ్గకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రిజెక్షన్ అంటే కార్నియా పోయినట్టు కాదు. శరీరం దాన్ని పరాయిదని పోల్చుకుని దాడి మొదలుపెట్టిందని అర్థం. వెంటనే గంట గంటకూ స్టెరాయిడ్ మొదలుపెడితే చాలాసార్లు నిలుస్తుంది. ఆలస్యమైతే లోపలి పొర కణాలు చనిపోతాయి, అవి మళ్ళీ పుట్టవు.

మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు, కన్ను ఎర్రబడగానే "కండ్లకలక వచ్చింది, ఊరంతా ఉంది" అనుకోవడం. మార్పిడి అయిన కంటికి ఎరుపు వస్తే అది కండ్లకలకో కాదో డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో (కంటిని పెద్దదిగా చేసి చూపే పరికరం) చూసి చెప్పాల్సిందే. పదేళ్ళ తర్వాతైనా ఇదే పద్ధతి.

10. కుట్లు: ఓపిక, అప్రమత్తత

మూడో నెల తర్వాత, వంపు సరిచేయడానికి బిగువుగా ఉన్న కుట్లను కొన్ని తీయొచ్చు. మొత్తం కుట్లు పోవడానికి పీకేలో ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, డాల్క్‌లో అంతకన్నా ముందే కావచ్చు. మత్తు చుక్క వేసి, కూర్చోబెట్టే తీస్తారు, నొప్పి ఉండదు. నేను అనవసరంగా టెన్షన్ పడ్డాను.

నా తప్పు ఎనిమిదో నెలలో జరిగింది. సంక్రాంతికి ఊళ్ళో ఉండగా కంట్లో నలుసు పడినట్టు కరకరలాడింది. భోగిమంట దుమ్మనుకున్నాను, పండగ అయ్యాక వెళ్దామనుకున్నాను. రెండు రోజులకు వెళితే అది వదులైన కుట్టు, దాని చుట్టూ తెల్లగా ఇన్ఫెక్షన్ మొదలైంది. కుట్టు తీసి, రాత్రీ పగలూ గంట గంటకూ యాంటీబయాటిక్ వేయాల్సి వచ్చింది. కార్నియా నిలిచింది, కానీ ఆ చోట చిన్న మచ్చ మిగిలిపోయింది. నలుసు పడినట్టుంటే నీళ్ళతో కడగకండి, తుడవకండి. దాన్ని కుట్టనే అనుకుని బయల్దేరండి.

కుట్టు తీసిన తర్వాత వారం పది రోజులు కూడా జాగ్రత్త. అప్పుడు రిజెక్షన్ రావచ్చు, ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. చుక్కలు పెంచి రాస్తే అలాగే వాడండి.

11. చూపు ఎప్పుడొస్తుంది?

కట్టు విప్పగానే లోకమంతా స్పష్టంగా కనిపిస్తుందని అనుకోవద్దు. మొదటి నెలల్లో ఒక రోజు బాగుంటుంది, మరో రోజు మసక. ఒక కుట్టు తీస్తే నంబరు మారిపోతుంది. కొన్ని నెలల ఎడంతో తీసిన రెండు నంబర్లు దాదాపు ఒకటిగా వచ్చేదాకా ఖరీదైన అద్దాలు కొనకండి. చివరికి చాలామందికి కళ్ళజోడు గానీ, కొత్త కార్నియా మీద గట్టి లెన్సు, స్క్లెరల్ లెన్సు గానీ అవసరమవుతుంది. అది ఆపరేషన్ విఫలమైనట్టు కాదు.

ఆ కంటికి దెబ్బ తగలకుండా పాలీకార్బొనేట్ అద్దాలున్న కళ్ళజోడు ఎప్పటికీ అవసరం. చూపు బాగున్నా సరే. కబడ్డీ, బాక్సింగ్ మానేయండి. హోలీ రంగులు, దీపావళి టపాసుల దగ్గర పక్కన నిలబడేవాళ్ళకూ ప్రమాదమే.

12. రెండో కన్ను, ఇంట్లోవాళ్ళ కళ్ళు

మార్పిడి అయిన కంటి మీద ధ్యాసలో రెండో కన్ను మరిచిపోతాం. నా ఎడమ కంటి టోపోగ్రఫీ పద్నాలుగు నెలలు వాయిదా పడింది. అదృష్టం కొద్దీ అంకెలు కదల్లేదు. రెండు కళ్ళ పరీక్ష తేదీలూ ఒకే కాగితం మీద రాసుకోండి.

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఒకరికన్నా ఎక్కువమందికి వస్తుంది. తోబుట్టువులకు, పిల్లలకు ఒకసారి టోపోగ్రఫీ చేయించండి. మా తమ్ముడికి జబ్బు తొలి దశలోనే బయటపడింది, వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడే క్రాస్ లింకింగ్ అయిపోయింది. ఇప్పటికీ వాడు మామూలు కళ్ళజోడుతోనే బండి నడుపుతున్నాడు.